తోరణం కింద ఇరవై మూడో పేరు

ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు నౌకరీ చేసి నేను అందుకున్న మెమో ఒక్కటంటే ఒక్కటే. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇప్పటికీ ఇవ్వలేదు. నేను చేసిన నేరం ఏమిటో ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్తాను: "బయటి అధికారుల సమక్షంలో టెలివిజన్ తెర చుట్టూ నలుపు ప్రదర్శించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?" లంచం తిన్నవాళ్ళకు, ఆఫీసు కుర్చీలు ఇంటికి మోసుకుపోయినవాళ్ళకు కూడా మా దగ్గర ఇంత గట్టి భాషలో మెమో రాలేదు.

ఇది ఇప్పుడెందుకు గుర్తుకొచ్చిందంటే, మొన్న మా అమ్మాయి ఇంటికి పోయాను. గోడకు గోడంత టీవీ కొన్నారు. అల్లుడు దానికి తన కంప్యూటర్ తగిలించి గంటసేపు కుస్తీ పట్టాడు. మనుషుల మొహాలు పూరీల్లా ఉబ్బి కనిపిస్తున్నాయి, కింద ఉండాల్సిన గడియారం, గుర్తులు సగం తెగిపోయాయి. "తెర నిండాలని చూడకు బాబూ. ఆ టీవీకి ఎన్ని చుక్కలున్నాయో కంప్యూటర్‌కు కూడా అన్నే చెప్పు. తర్వాత నాలుగు అంచులూ కనిపిస్తున్నాయా లేదా చూసుకో" అన్నాను. అల్లుడు ఆశ్చర్యంగా చూసి, "మామా, ఇవన్నీ మీకెట్ల తెలుసు?" అని అడిగాడు. అతనికి చెప్పిందే మీకూ చెప్తున్నాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు కొంచెం శ్రద్ధగా వినండి.

మా ఆఫీసు వరంగల్ కోట రోడ్డులో ఉండేది. ఊళ్ళలో పనిచేసే సిబ్బందికి తరగతులు చెప్పే శిక్షణ కేంద్రం. అందులో నా హోదా ఆడియో విజువల్ అసిస్టెంటు. పేరు విని నేనేదో సినిమాలు తీసేవాణ్ని అనుకునేరు. మైకు, టేపు రికార్డరు, బొమ్మల ప్రొజెక్టరు, ఒక టీవీ, ఇవి నా సంసారం. అవి పనిచేస్తే డైరెక్టర్ గారి దక్షత, పనిచేయకపోతే నా అశ్రద్ధ. ఇరవై ఏళ్ళలో ఈ లెక్క ఒక్కసారి కూడా తారుమారు కాలేదు.

టీవీ శిక్షణ కోసమే కొన్నారు కానీ డైరెక్టర్ గారి గదిలో ఉండేది. క్రికెట్ ఉన్నరోజు ఆఫీసు మొత్తం ఆ గదిలోనే శిక్షణ పొందేది.

ఎనభైల నడిమికి వచ్చేసరికి మాకు కంప్యూటర్ మంజూరైంది. జిల్లాలో అప్పటికి ఎన్ని కంప్యూటర్లు ఉండేవో నాకు తెలియదు కానీ, మా హెడ్ క్లర్కు మాత్రం మొట్టమొదటిది మాదేనని చెప్పుకుని తిరిగేవాడు. కాజీపేట పార్సిల్ ఆఫీసుకు నేనే పోయాను. మా నాయన రైల్వేలో ఇంజన్ల మీద పనిచేసిన మనిషి కాబట్టి అక్కడివాళ్ళు నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించి, డబ్బాలు నా ముందు పెట్టారు. విప్పి చూస్తే కీబోర్డు ఉన్న పెట్టె ఉంది, తీగలున్నాయి, ప్రోగ్రాములు దాచుకునే క్యాసెట్ల యంత్రం ఉంది. అక్షరాలు చూసుకునే తెర మాత్రం లేదు.

తెర ఎందుకు లేదో తర్వాత తెలిసింది. మేము పంపిన కోరికల జాబితాలో తెర కూడా ఉంది. పై ఆఫీసులో ఒక పుణ్యాత్ముడు దాని మీద గీత గీసి, పక్కన "సదరు కార్యాలయంలో ఇప్పటికే ఒక టెలివిజన్ కలదు" అని రాశాడు. ఇక ఆ రాతను బ్రహ్మదేవుడు వచ్చినా మార్చలేడు. కాబట్టి డైరెక్టర్ గారి టీవీకే కంప్యూటర్ తగిలించాలని తీర్మానమైంది. ప్రింటర్ రెండో విడతలో వస్తుందన్నారు. రెండో విడత కోసం మేము ఆ తర్వాత నలుగురు డైరెక్టర్ల దాకా ఎదురుచూశాం.

మా డైరెక్టర్ గారి గురించి ఒక మాట చెప్పాలి. మనిషి చెడ్డవాడు కాడు. పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేవారు, చొక్కా మీద ముడత ఉండనిచ్చేవారు కాదు. ఏ వస్తువైనా నిండుగా కనిపించాలన్నది ఆయన పట్టుదల. కంప్యూటర్ కోసం ఒక గదికి సున్నం వేయించారు, కొత్తవాడ నుంచి మంచి జంపఖానా తెప్పించి పరిపించారు, గుమ్మం బయట చెప్పులు విడవాలని బోర్డు పెట్టించారు. అక్కడితో ఆగలేదు. తన గదిలోని టీవీని అందులోకి మార్పించి, దాని చుట్టూ టేకుతో ఒక చట్రం చేయించారు. మామూలు చట్రం కాదు, మా కోటలోని కాకతీయ తోరణమే! రెండు పక్కల రెండు స్తంభాలు, పైన అడ్డదూలాలు, వాటి మీద హంసలు, కింద ఒక లావుపాటి పీట. వడ్రంగి నెలరోజులు చెక్కాడు. నిజం చెప్తున్నాను, చాలా అందంగా ఉండేది. ఒక్కటే చిక్కు, అది తెరను నాలుగు వైపులా రెండేసి వేళ్ళ మందం మింగేసింది.

ఇక్కడ కొంచెం నా విద్య చెప్పుకోక తప్పదు. ఆ రోజుల టీవీలు బొమ్మను తెర కన్నా కాస్త పెద్దగానే వేసేవి. అంచులు గాజు దాటి పోయేవి. వార్తలు చదివే ఆవిడ నడిమధ్యలో కూర్చుంటుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కంప్యూటర్‌కు ఆ మర్యాద తెలియదు. అది ఈ కొస నుంచి ఆ కొస దాకా, పై గీత నుంచి అడుగు గీత దాకా రాసుకుంటూ పోతుంది. మా కంప్యూటర్ తెర మీద ఇరవై ఐదు వరుసలు రాసేది. వరుసకు నలభై అక్షరాలు కావాలా ఎనభై కావాలా అనేది మనం ఎంచుకోవచ్చు. నలభై పెడితే అక్షరాలు లావుగా, స్పష్టంగా వచ్చేవి. ఎనభై పెడితే ఆ టీవీ మీద చీమల బారు కనిపించేది.

నేను మొదటిరోజే నలభై పెట్టాను. టీవీ వెనక బొమ్మ ఎత్తు పెంచి తగ్గించే మర ఒకటుంటుంది. దాన్ని తిప్పి బొమ్మను కుదించాను. పక్కలకు కొంత జాగా వదిలి రాయమని టైపిస్టు భాయ్‌కి చెప్పాను. మా భాయ్ మట్టెవాడ మనిషి, హైదరాబాదులో పదిరోజులు కంప్యూటర్ నేర్చుకుని వచ్చాడు కాబట్టి ఆఫీసులో అతనే పండితుడు. అన్ని వరుసలూ తోరణం లోపల చక్కగా కూర్చున్నాయి. చుట్టూ రెండు వేళ్ళంత నల్లటి ఖాళీ మిగిలింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. భాయ్ కూడా "మస్తుగున్నది ఉస్తాద్!" అని నా వీపు చరిచాడు.

డైరెక్టర్ గారు వచ్చి చూసి మొహం మాడ్చుకున్నారు.

"చుట్టూ ఆ నలుపు ఏమిటయ్యా? పేపర్లో సంతాప ప్రకటనలా ఉంది."

"సార్, అంచులు చెక్క కిందికి పోకుండా కొంచెం ఖాళీ ఇడిసిన" అన్నాను.

"ఇంత పెద్ద టీవీ పెట్టుకుని బొమ్మ చిన్నది చేస్తావా? నిండుగా ఉండాలి. ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా ఉండాలి." తర్వాత భాయ్ వైపు తిరిగి, "వరుసకు ఎన్ని అక్షరాలు పెట్టారు?" అని అడిగారు.

"నలభై సార్. ఎనభై గుడ వస్తయి గని..."

"ఎనభై వచ్చేదానికి నలభై పెట్టారా! సగం కంప్యూటరే వాడుతున్నారని రేపు ఎవరైనా రాస్తే జవాబు ఎవరు చెప్తారు?"

పక్కనే ఉన్న హెడ్ క్లర్కు, "గదే నేననుకుంటాన సార్, సగమే వాడుతాన్రేందని" అన్నాడు. అతను అప్పటికి ఆ గదిలోకి రావడమే మొదటిసారి.

అక్కడ నేను గట్టిగా చెప్పాల్సింది. అంచులు తెగుతాయి, తెగినచోట ఏమున్నా కనిపించదు అని నాలుగు మాటలు చెప్పాల్సింది. చెప్పలేదు. అప్పుడే నా పేరు ఏటూరునాగారం అడవుల వైపు బదిలీ జాబితాలో ఉందని ఒక పుకారు తిరుగుతోంది. నోరు మూసుకుని టీవీ వెనక్కి పోయి మర తిప్పాను. బొమ్మ ఉబ్బి తోరణం నిండా పరుచుకుంది. భాయ్ వరుసకు ఎనభై పెట్టాడు. డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. అది చేసింది నా చెయ్యే, ఇంకెవరిదీ కాదు. ఈ కథలో తక్కినవాళ్ళను ఎంత వెక్కిరించినా, ఆ సంగతి మాత్రం మరిచిపోకుండా చెప్పాలని నాకు పట్టుదల.

ఇప్పుడు అక్క గురించి. ఆఫీసు ఊడ్చేది, కుండలు నింపేది, చాయ్ పోసేది. హన్మకొండ అవతల ఒక పల్లె నుంచి పొద్దున్నే నడిచి వచ్చేది. పద్నాలుగేళ్ళుగా రోజు కూలీ మీదే పనిచేస్తోంది. నన్ను తమ్మీ అనేది, భాయ్‌ని భాయ్ అనేది, డైరెక్టర్లను వాళ్ళ వెనకాల ఏమనేదో ఇక్కడ రాయలేను. కంప్యూటర్ గది గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విడిచేవారు. ఆమెకు విడవడానికి చెప్పులే లేవు. అయినా ఆమెను లోపలికి రానిచ్చేవారు కాదు, దుమ్ము వస్తుందట. ఆ గది దుమ్ము తుడవడానికి మాత్రం రోజూ పొద్దున ఆమెనే పిలిచేవారు.

ఆ ఏడాదే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఏళ్ళ తరబడి రోజు కూలీ మీద ఉన్నవాళ్ళను పర్మనెంట్ చేస్తారట. హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చి జాబితా చూసి సంతకం పెడతారు. మా కేంద్రంలోనూ, మా కింద ఉన్న సెంటర్లలోనూ కలిపి ఇరవై ముగ్గురు తేలారు. వయసు హద్దు ఒకటి పెట్టారు. అక్కకు అదే ఆఖరి ఏడాది. ఈసారి తప్పితే మళ్ళీ లేదు. ఆ సంగతి ఆమెకు మా అందరికన్నా బాగా తెలుసు.

జాబితాను ఇంగ్లీషు అక్షరాల వరుసలో రాశారు. అక్క పేరు వై అక్షరంతో మొదలవుతుంది. మా దిక్కు ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లు గంపెడున్నాయి, కానీ ఆ జాబితాలో ఆమె ఒక్కతే. అందుకే అందరి కన్నా ఆఖరు.

"భాయ్, నా పేరు గా డబ్బల ఎట్లుంటదో జర సూపియ్యరాదు" అని ఒకరోజు వరండాలో అడిగింది. భాయ్ సుద్దముక్కతో గోడ మీద వై రాసి చూపించాడు. ఆమె తల పక్కకు వంచి చూసి, "గిది పంగలకట్టె గదా! కంచెకు పాతుతం సూడు, గట్లనే ఉన్నది" అంది. "గదే. నీ పేరు మొదట్ల గది కనవడ్తదక్కా" అన్నాడు భాయ్. ఆమె ఆ గోడ మీది గుర్తును వారం దాకా తుడవలేదు. ఊడ్చే మనిషి తుడవకపోతే ఇంకెవరు తుడుస్తారు?

ఆఫీసరు వచ్చే రోజుకు డైరెక్టర్ గారు ఒక గొప్ప ఏర్పాటు చేశారు. రిజిస్టర్లూ కాగితాలూ వద్దు, పేర్లన్నీ కంప్యూటర్ తెర మీదే చూపించాలి, ఆఫీసరు తెర మీద చూసి చదవాలి, అదే తుది జాబితా. పేజీ మారడం బాగుండదు కాబట్టి అన్నీ ఒకే తెరలో పట్టాలి. మొదటి వరుసలో శీర్షిక, రెండో వరుసలో గీత, తర్వాత ఇరవై మూడు పేర్లు. కచ్చితంగా ఇరవై ఐదు వరుసలు. ఎంత అందంగా సరిపోయిందో అని డైరెక్టర్ గారు మురిసిపోయారు. పై వరుస తోరణం దూలం వెనక, అడుగు వరుస పీట వెనక ఉంటాయని ఎవరికీ తట్టలేదు. ఎడమ స్తంభం వెనకకు క్రమసంఖ్యలు పోయాయి కాబట్టి లెక్క చూసుకునే దారి కూడా లేదు.

భాయ్‌కైనా తెలియాలి కదా అంటారు. టైపిస్టుల అలవాటు మీకు తెలియదు. వాళ్ళ కళ్ళు పక్కనున్న కాగితం మీదే ఉంటాయి. కొట్టిన అక్షరం వైపు చూడటం వాళ్ళకు నామోషీ. భాయ్ ఇరవై మూడు పేర్లూ కాగితం చూసి తప్పు లేకుండా కొట్టి, క్యాసెట్లో దాచి, నమాజుకు వెళ్ళిపోయాడు. నేను తెర సరిచూసింది అంతకు ముందురోజు, భాయ్ కొట్టిన నాలుగు ఉత్తుత్తి పేర్లతో. నాలుగు పేర్లు తెర నడుమ హాయిగా కూర్చున్నాయి. నేను చేతులు దులుపుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. గది కిక్కిరిసింది. ఆఫీసరు నడివయసు దాటిన మనిషి, తక్కువ మాటలవాడు. జంపఖానా మీద వట్టికాళ్ళతో నిలబడి తోరణాన్ని కాసేపు చూసి, "బావుంది. ఇందులో టీవీ ఎక్కడ?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

నా చోటు టీవీ వెనక. కంప్యూటర్ తీగ వచ్చి టీవీలో దూరే చోట పట్టు వదులైపోయింది. వేలితో అదిమి పట్టుకుంటే తప్ప బొమ్మ నిలబడదు. అంటే ఆ చరిత్రాత్మక సభలో తెర కనిపించని ఏకైక మనిషిని నేనే. గోడ వైపు మొహం పెట్టి, తీగ మీద వేలు పెట్టి నిలబడ్డాను.

ఆఫీసరు కళ్ళద్దాలు సరిచేసుకుని, ముందుకు వంగి, ఆ చీమల బారును ఒక్కొక్క పేరుగా చదివారు. పేరు చదివినప్పుడల్లా హెడ్ క్లర్కు తన దగ్గరున్న కాగితం మీద టిక్కు పెడుతున్నాడు. వరండాలో నిలబడ్డ ఆ పేరు మనిషి దండం పెడుతున్నాడు. చదవడం ఆగింది. "ఇంతేనా? మంచిది" అన్నారు ఆఫీసరు. చప్పట్లు మోగాయి.

హెడ్ క్లర్కు కాగితం మీద ఒక పేరుకు టిక్కు లేదు. కాగితంలో ఇరవై మూడున్నాయి, తెర మీద ఇరవై రెండు. అతను ఒక్క క్షణం తికమక పడ్డాడు. ఆ తర్వాత ఆఫీసు జీవితంలో నేను చూసిన అద్భుతాల్లో కెల్లా పెద్ద అద్భుతం చేశాడు. స్కేలు తీసి, ఎర్ర సిరాతో, కాగితం మీది పేరును శుభ్రంగా కొట్టేశాడు. ఎందుకు కొట్టేశావని తర్వాత అడిగితే, "కంప్యూటర్ల లేని పేరు కాయితంల ఎట్లుంటదయా? కంప్యూటర్ తప్పు చేస్తదా?" అన్నాడు. పద్నాలుగేళ్ళు ఆమె చేతి చాయ్ తాగిన మనిషి అతను.

ఇదంతా నాకు కనిపించలేదు. నాకు వినిపించింది చాయ్ పళ్ళెం గడప మీద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత టీవీ వెనక, నా మోచేతి దగ్గర, అక్క నిలబడి ఉంది. రావద్దన్న గదిలోకి, అంత మంది ముందు నుంచి నడిచి వచ్చేసింది.

"తమ్మీ, నా పేరు ఎటువోయింది?"

గొంతు పెంచలేదు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆఖరు పేరు, ఆఖరు వరుస, కింద చెక్క పీట. అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. అయినా ఏమన్నానో తెలుసా? "జర ఆగక్కా. సాబులున్నరు. తర్వాత చెప్త."

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో తల వంగిపోతుంది.

"తర్వాతనా?" అంది. "సంతకం అయినంక నీ తర్వాతను నేనేం జేసుకోను? వచ్చే ఏడు నాకు వయసు దాటుతదని నీకెరుకలేదా?"

ఎరుకే. టీవీకి అవతల డైరెక్టర్ గారు ఆఫీసరుకు కలం అందిస్తున్నారు. ఒక చెయ్యి తీగ మీద ఉంది. రెండో చేత్తో జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను. ఏటూరునాగారంలో కూడా మనుషులే ఉంటారు కదా అనుకున్నాను.

"అక్కా, ముంగటికి వోయి కింద సూడు. నీ పంగలకట్టె కనవడంగనె చెప్పు."

ఆమె ముందుకు పోయింది. ఆఫీసరుకూ తెరకూ మధ్యన, జంపఖానా మీద గొంతుక్కూర్చుని పీట దగ్గర కళ్ళు పెట్టింది. నేను మర తిప్పడం మొదలుపెట్టాను. ఆ కాలంలో డాబా మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద ఒకరు తెర చూస్తూ అరిచేవారు. సరిగ్గా అదే మొదలైంది.

"వచ్చిందా?"

"రాలే!"

"ఇప్పుడు?"

"ఏందో నెత్తులు కనవడుతానయి. ఇంక జర తిప్పు!"

డైరెక్టర్ గారి గొంతు: "ఏమిటిది? ఎవరామె? ఏమయ్యా, ఆ నలుపు మళ్ళీ వస్తోంది!"

"వచ్చిందా అక్కా?"

"ఇంక జర... ఇంక జర... ఆగు! లేచింది, లేచింది! ఇగో నా పంగలకట్టె! భాయ్, ఇదే గదా? చెప్పు, ఇదే గదా?"

భాయ్ కీబోర్డు ముందు నుంచి లేచాడు. మామూలుగా పై ఆఫీసర్ల ముందు నోరెత్తే మనిషి కాదు. "గదే అక్కా, నీదే" అన్నాడు. ఆఫీసరు వైపు తిరిగి, "సార్, నేను ఇరవై మూడు కొట్టిన. కాయితం జూసి కొట్టిన" అన్నాడు.

నేను తీగ వదిలేసి బయటికి వచ్చాను. బొమ్మ పోయింది, గర గర చప్పుడు మిగిలింది. మళ్ళీ పరుగెత్తి వేలు పెట్టాను. వేలు అక్కడే ఉంచి, టీవీ పక్కనుంచి మెడ సాచి, ఉన్న సంగతి చెప్పేశాను. చెక్క పీట తెరను మింగింది, నేను బొమ్మను పెద్దది చేశాను, ఆమె పేరు కిందికి పోయింది అని. ఎవరు చెయ్యమన్నారో మాత్రం చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆఫీసరు అప్పటికే డైరెక్టర్ గారి వైపు చూస్తున్నారు.

హెడ్ క్లర్కు గొంతు సవరించుకున్నాడు. "సార్, కని... ఇరవై రెండని మినిట్స్ రాసేసినం. కొట్టేసుడు గుడ అయింది."

ఆఫీసరు కలం మూత పెట్టి బల్ల మీద ఉంచారు. "ఆ చెక్క కింద ఇంకెంతమంది ఉన్నారో ముందు చూడండి" అన్నారు.

చెప్తే నమ్మరు, హెడ్ క్లర్కు నిజంగానే టార్చిలైటు తెప్పించి పీట సందులోకి వేసి చూశాడు. చివరికి ఆఫీసరు చట్రమే తీయించమన్నారు. తోరణం తీయాలంటే అది స్థిరాస్తి కింద నమోదైందనీ, అనుమతి కావాలనీ హెడ్ క్లర్కు అన్నాడు. "నేను అనుమతిస్తున్నాను. అది కూడా మినిట్స్‌లో రాయండి" అన్నారు. నలుగురు పట్టి తోరణాన్ని ఎత్తి జంపఖానా మీద పడుకోబెట్టారు. వట్టి టీవీ బయటపడింది. ఇరవై ఐదు వరుసలు, ఎడమ పక్క క్రమసంఖ్యలతో సహా, చుట్టూ నల్లటి ఖాళీతో కనిపించాయి. ఆఫీసరు ఈసారి కింది నుంచి పైకి చదివారు. మొట్టమొదట అక్క పేరే చదివారు.

అక్క దండం పెట్టలేదు. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని, గడప దగ్గరున్న పళ్ళెం చూసి, "చాయ్ సల్లారిపాయె. మల్ల పెట్టుకొస్త" అని వెళ్ళిపోయింది. నేను టీవీ వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆ చోటుకు అదొక్కటే సౌకర్యం, ఎవరికీ కనిపించదు.

మర్నాడే నాకు మెమో వచ్చింది. అందులో పేరు మాయమైన సంగతి లేదు, తోరణం సంగతి లేదు. నలుపు సంగతి మాత్రమే ఉంది. సంజాయిషీ నాలుగుసార్లు రాసి చించేశాను. "బొమ్మ తెరకు సరిపోవాలంటే చుట్టూ కొంచెం ఖాళీ ఉంచాలి" అన్న ఒక్క వాక్యాన్ని సర్కారు భాషలోకి తేవడం నా వల్ల కాలేదు. ఏటూరునాగారం మాత్రం ఎవరూ పంపలేదు. అది నిజంగానే పుకారట. ఆ పుకారుకు భయపడే కదా నేను ఆనాడు మర తిప్పి బొమ్మను ఉబ్బించింది.

ఏడాది తిరగకముందే బదిలీ వచ్చింది, డైరెక్టర్ గారికి. వీడ్కోలు సభ, పూలదండ, ఆ తర్వాత ఆవరణలో గ్రూపు ఫొటో. గ్రూపు ఫొటోకు ఒక రాజ్యాంగం ఉంటుంది. నడిమి కుర్చీలో దండతో డైరెక్టర్ గారు, అటూ ఇటూ పెద్దలు, వెనక వరుసలో గుమాస్తాలు, వాళ్ళకు ఆ కొసనా ఈ కొసనా అటెండర్లూ స్వీపర్లూ. ఫ్రేము కట్టేటప్పుడు కొసలు కత్తిరించినా ఎవరూ అడగరు.

అందరం నిలబడ్డాం. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి చూసి, "అమ్మా, నువ్వు జర ఆ చివరకు పో" అన్నాడు. తీరా చూస్తే అక్క డైరెక్టర్ గారి కుర్చీ వెనకాల, సరిగ్గా నడిమధ్యలో, కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు కాళ్ళకు చెప్పులు కూడా ఉన్నాయి. డైరెక్టర్ గారు మెడ తిప్పి పైకి చూశారు.

"అంచుకు నిలవడితె ఏమైతదో నాకెరుకే సారు" అంది అక్క. "మీకు గుడ ఎరుకే."

డైరెక్టర్ గారు మెడ ముందుకు తిప్పుకున్నారు. ఫొటోగ్రాఫర్ ఇంకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. "పక్కకు జరుగమ్మా, చివరివాళ్ళు పడుతలేరు."

"నేనెందుకు జరుగుత? నువ్వే జర ఎనుకకు వో. అందరు వడ్తరు."

ఫొటోగ్రాఫర్ ఒకసారి నా వైపు చూశాడు. నేను పో అన్నట్టు తల ఊపాను. అతను కెమెరా ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి పోయాడు. ఆ ఫొటో ఇప్పుడు నా మెమో పక్కనే ఉంది. మా చుట్టూ బోలెడంత ఖాళీ, అందరం పడ్డాం.